తెరిచిన అతిథి గృహాన్ని గూగుల్ ఇంకా మూసేసినట్టే చూపిస్తుంటే

రాజోలు దగ్గరి పాత మండువా లోగిలిని బాగుచేయించి అతిథి గృహంగా మళ్లీ తెరిచారు, కొత్త డొమైన్‌తో వెబ్‌సైటూ పెట్టారు. అయినా గూగుల్ మ్యాపులో ‘శాశ్వతంగా మూసివేశారు’ అనే వస్తోంది, పాత లింకులు నొక్కితే పేజీ లేదంటోంది. ఇదే కదండీ మీ ఇబ్బంది?

తొందరపడి మ్యాపులో ఇంకో నమోదు మాత్రం చేయకండి. ఇన్నేళ్ల సమీక్షలన్నీ పాతదానికే ఉన్నాయి, అవి మీ ఆస్తి. పాత ఖాతాతోనే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోకి (మ్యాపులో కనిపించే మీ వివరాలు మార్చుకునే చోటు) వెళ్లి, తిరిగి తెరిచినట్టు మార్చి, కొత్త వెబ్‌సైటు చిరునామా ఇవ్వండి.

అసలు పని పాత డొమైన్ దగ్గర ఉంది. దాన్ని వదిలేయకుండా రెన్యువల్ చేయించి, ప్రతి పాత పేజీ నుంచి దానికి సరిపోయే కొత్త పేజీకి 301 దారిమళ్లింపు, అంటే పేజీ శాశ్వతంగా మారిందని చెప్పి వచ్చినవారిని కొత్త చోటికి పంపే ఏర్పాటు, పెట్టించండి. గదుల పేజీ గదులకే, గోదావరి పడవల పేజీ పడవలకే వెళ్లాలి. అన్నింటినీ హోమ్ పేజీకి తోసేయడం డెవలపరుకు సుఖం, మీకు నష్టం. ఈ దారిమళ్లింపులను కనీసం ఏడాది పాటు ఉంచమని గూగులే చెబుతుంది. సెర్చ్ కన్సోల్‌లో (వెబ్‌సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే ఉచిత సాధనం) చిరునామా మార్పు కూడా తెలియజేయండి.

మీ సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో కట్టినదైతే సెట్టింగుల్లో ‘రీడింగ్’ తెరవండి. సెర్చ్ ఇంజిన్లను రావద్దనే గడిలో టిక్కు మిగిలిపోతే పై శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. అది తీసేశాక కూడా కదలిక లేకపోతే, దారిమళ్లింపులు ఎలా పెట్టించారో ఇక్కడ రాయండి, చూద్దాం.