ఒళ్లంతా తగ్గింది, పొట్ట మాత్రం కదలట్లేదు!

ప్రశ్న: మేడం గారూ, నా వయసు 38, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఎనిమిది నెలల్లో 84 కిలోల నుంచి 72కి వచ్చాను. చేతులు సన్నబడ్డాయి, బుగ్గలు లోపలికి పోయాయి, చూసినవాళ్లంతా ‘ఒంట్లో బాగుంటోందా?’ అని అడుగుతున్నారు. బొడ్డు కింద పొట్ట మాత్రం అలాగే ఉంది. రోజూ 200 క్రంచెస్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకెత్తే పొట్ట వ్యాయామం) చేస్తున్నాను, చెమట పట్టే బెల్టు కట్టుకుని నడుస్తున్నాను. ఇక రాత్రి తిండి పూర్తిగా మానేద్దామా అనుకుంటున్నాను. మానేస్తే పోతుందా?

జవాబు: మానకండి. ముందు ఆ బెల్టు తీసి పక్కన పడేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. దాంతో పోయేది చెమట, అంటే నీళ్లు. నీళ్లు తాగగానే ఆ బరువు మళ్లీ వచ్చి కూర్చుంటుంది. నిజానికి కరిగిన కొవ్వు ఎక్కువగా బయటికి పోయేది మన ఊపిరిలోంచి. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో దాదాపు 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా, మిగతాది నీళ్లుగా పోతుందని 2014లోనే లెక్క కట్టి చెప్పారు. పొట్టకి ఉక్కపోస్తే కొవ్వు కరిగిపోతోందనుకోవడం బెల్టులు అమ్మేవాళ్లకే లాభం.

క్రంచెస్ మంచివే, పొట్ట కండలు గట్టిపడతాయి. కానీ ఆ కండల మీదున్న కొవ్వు వాటివల్ల కరగదు, ఎందుకంటే పనిచేసే కండ తన పక్కనున్న కొవ్వునే తీసుకుని వాడుకోదు, రక్తంలో వచ్చేది వాడుకుంటుంది, ఆ రక్తంలోకి కొవ్వు ఒళ్లంతా ఉన్న నిల్వల్లోంచి వచ్చి చేరుతుంది. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు రెండూ కొలిచి చూశారు. ఏళ్ల తరబడి రాకెట్ పట్టిన చేయి లావుగా, కండపట్టి ఉంది, చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతులకీ ఒకటే. 1984లో ఇంకో పరిశోధనలో 27 రోజుల్లో 5,004 సిటప్స్ చేయించారు (పాపం ఆ చేసినవాళ్లు!). పొట్ట, వీపు, పిరుదుల దగ్గర్నుంచి కాస్త కాస్త కొవ్వు తీసి పరీక్షిస్తే కణాలు మూడు చోట్లా ఒకేలా చిన్నబడ్డాయి. పొట్టకంటూ ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు.

మరి పొట్టే ఎందుకు మొండికేస్తుంది? కొవ్వు కణం మీద అడ్రినలిన్ అనే హార్మోన్ వచ్చి తగిలే గ్రాహకాలు రెండు రకాలు. బీటా రకం కొవ్వును బయటికి వదలమంటుంది, ఆల్ఫా-2 రకం ఆపమంటుంది. చేత్తో పట్టుకుంటే అందే పొట్ట కొవ్వులో, ఆడవాళ్లకైతే తొడల్లో, పిరుదుల్లో కూడా, ఆపమనే రకం జోరు ఎక్కువ. పేగులు, కాలేయం చుట్టూ లోపల పేరుకునే కొవ్వు అలా కాదు, తొందరగా కదులుతుంది. షుగర్, గుండె జబ్బులకు దారితీసేది ముఖ్యంగా ఆ లోపలిదే. 12 కిలోలు తగ్గారంటే మీకు అద్దంలో కనపడని ఆ కొవ్వు ఈపాటికి బాగానే తగ్గి ఉంటుంది. మిగిలినది చూడటానికి చికాకు గానీ, దానికన్నా ప్రమాదం తక్కువ.

ఇక తిండి సంగతి. నెలకి కిలోన్నర చొప్పున తగ్గారు, చక్కటి వేగం. ఇప్పుడు ఒక పూట మొత్తం ఎగ్గొడితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, మొహం ఇంకా పీక్కుపోతుంది, పొట్ట ఇంకా వదులుగా కనిపిస్తుంది, పైగా నాలుగో రోజు రాత్రి పదింటికి వంటింట్లో డబ్బాలు వెతుక్కుంటారు. ఒక్క మాట మాత్రం నిజం, 84 కిలోల శరీరానికి సరిపోయిన తిండి 72 కిలోల శరీరానికి కాస్త ఎక్కువే. బరువు నెల రోజులుగా కదలకపోతే రోజుకి 200, 300 కేలరీలు తగ్గించండి, చాలు. ప్రొటీన్ మాత్రం తగ్గనివ్వకండి: కిలో బరువుకి 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే మీకు సుమారు 86 నుంచి 115 గ్రాములు (కిడ్నీ సమస్య ఉంటే డాక్టరుని అడిగాకే). ఆ 200 క్రంచెస్‌కి పెట్టే టైములో వారానికి రెండు మూడు రోజులు స్క్వాట్స్, పుషప్స్, బరువులెత్తడం లాంటివి చేయండి. నిద్ర ఎంతసేపు పోతున్నారో రాయలేదు. తిండి కేలరీలు సమానంగానే ఉంచి నిద్ర మాత్రం తగ్గిస్తే, తగ్గిన బరువులో కొవ్వు వాటా సగానికి పైగా పడిపోయిందని 2010లో ఒక చిన్న పరిశోధనలో తేలింది.

కొలత విషయానికొస్తే అద్దాన్ని నమ్మొద్దు, టేపు పట్టుకోండి. పొద్దున్నే ఏమీ తినకముందు, ఆఖరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి లాక్కోవద్దు, కొలిచేది మీరే, చూసేదీ మీరే! నడుము మీ ఎత్తులో సగం లోపు ఉండాలి, మీకైతే 79 సెంటీమీటర్లు. రెండు వారాలకోసారి చాలు. నెలసరి ముందు రోజుల్లో నీరు పట్టి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగినా టెన్షన్ పడకండి.

పిల్లలున్నారా? ఉంటే ఇంకొకటి చూసుకోండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల మాత్రం కొంచెం ఎత్తండి. బొడ్డుకి పైనా కిందా నడిమధ్యలో గట్టులా పైకి ఉబికితే, కాన్పు తర్వాత పొట్ట కండరాలు దగ్గరికి రాలేదేమో. అది కొవ్వు కాదు, ఎంత కడుపు మాడ్చుకున్నా పోదు, క్రంచెస్‌తో ఇంకా ఎక్కువ కావచ్చు. ఫిజియోథెరపిస్ట్‌కి చూపించండి.

ప్రశ్న: నాకు 45 ఏళ్లు. బరువు ఎత్తుకి సరిపడానే ఉంది, కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట ఒక్కటే ముందుకొచ్చి గట్టిగా ఉంటుంది. పట్టుకుంటే చేతికి కొవ్వు అందదు. కాబట్టి పర్వాలేదు కదా?

జవాబు: అందకపోవడమే అసలు సంగతి. మీది లోపలి కొవ్వు అయి ఉండే అవకాశం ఎక్కువ. బరువు సరిపడా ఉందని ఊరుకోకుండా షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) చూపించుకోండి, మందు అలవాటుంటే తగ్గించండి, వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవండి. ఈ కొవ్వు నడకకి బాగానే లొంగుతుంది. పొట్ట వారాల్లోనే గబగబా పెరిగినా, చర్మం మీద ఊదారంగు చారలు వచ్చినా, కాళ్లు వాచినా మాత్రం నడక సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.