ఎగిరే గూడబాతు మసకగా వస్తోంది, లెన్స్ మార్చాలా?

ప్రశ్న: నా దగ్గర కెనన్ 1500డి, 55-250 లెన్స్ ఉన్నాయి. మొన్న నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులను (పెలికాన్లను) రెండొందల ఫొటోలు తీశాను. చెట్ల మీద కూర్చున్నవి బాగా వచ్చాయి. ఎగిరేవి ఒక్కటీ సరిగా రాలేదు. పెద్ద లెన్స్ కొనాలా?
- ఒక పాఠకుడు, నాయుడుపేట

జవాబు: తొందరపడి కొనకండి. మీరు పంపిన ఫొటో వివరాలు తెరిచి చూశాను. షట్టర్ వేగం 1/200 (సెకనులో 200వ వంతు), ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే సున్నితత్వం) 100 అని ఉంది. కూర్చున్న పక్షికి అది సరిపోతుంది, రెక్కలాడించే పక్షికి చాలదు. ఫొటోను పెద్దది చేసి చూడండి. వెనక కొమ్మలు స్పష్టంగానే ఉన్నాయి, రెక్కల చివరలు మాత్రం చెరిపేసినట్టు సాగిపోయాయి. అంటే తప్పు లెన్స్‌ది కాదు.

కెమెరా మీది డయల్‌ను టీవీ (Tv, షట్టర్ వేగాన్ని మనమే పెట్టుకునే మోడ్) మీద పెట్టి షట్టర్ 1/1600 చేయండి. ఐఎస్‌ఓ ఆటోలో ఉంచండి. వేగం 8 రెట్లు పెరిగింది కాబట్టి, వెలుతురు అంతే ఉంటే ఐఎస్‌ఓ కూడా 100 నుంచి 800కి వెళ్తుంది. కాస్త గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) కనిపిస్తుంది, కనిపించనివ్వండి. దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, సాగిపోయిన రెక్కను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగా బాగుచేయలేదు. గూడబాతు నిదానంగా రెక్కలాడిస్తుంది కాబట్టి ఈ వేగం చాలు. లకుముకి పిట్టకైతే 1/3200 దాకా వెళ్లాలి.

ఇక ఫోకస్. ఫోకస్ ఒకేచోట ఆగిపోయే వన్ షాట్ తీసేసి, కదిలేదాన్ని వెంటాడే ఏఐ సర్వో పెట్టండి, మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకోండి. బటన్ సగం నొక్కి పట్టుకుంటే పక్షి దగ్గరికొచ్చే కొద్దీ కెమెరా ఫోకస్ మార్చుకుంటూ పోతుంది. ఇన్ని మార్చడం టెన్షన్ అనిపిస్తే, ముందు డయల్ మీద పరుగెత్తే మనిషి బొమ్మ (స్పోర్ట్స్ మోడ్) పెట్టి నాలుగు ఫొటోలు తీసి చూడండి.

మీ కెమెరా సెకనుకు 3 ఫొటోలే తీస్తుంది. అందుకే పక్షి నెత్తి మీదికొచ్చాక కెమెరా ఎత్తితే లాభం లేదు. దూరంగా చుక్కలా ఉన్నప్పుడే దొరకబుచ్చుకుని, నడుము తిప్పుతూ దాంతోపాటే కదలండి. నేలపట్టులో ఇది తేలికే. పులికాట్ సరస్సులో చేపలు పట్టుకొచ్చే గూడబాతులు పిల్లల దగ్గరికి దిగుతూనే ఉంటాయి. కాళ్లు ముందుకు చాపి, రెక్కలు పూర్తిగా విప్పి బ్రేకు వేసే ఆ క్షణంలో వేగం తగ్గుతుంది. నేనైతే దాని కోసమే కాచుకుంటాను. వెనక ఆకాశం తెల్లగా ఉంటే పక్షి నల్లబడుతుంది, అప్పుడు ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) +1 చేయండి.

ప్రశ్న: గూళ్ల మీదుగా డ్రోన్ ఎగరేసి తీయొచ్చా?

జవాబు: వద్దు. అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది. పైగా తల్లి బెదిరి గూడు వదిలిందంటే గుడ్ల మీదికి కాకులొస్తాయి. పక్షులు ఎగరాలని చప్పట్లు కొట్టేవాళ్లకూ ఇదే జవాబు.