కెమెరాకు కేబుల్ కడితే కెరీర్ నిలబడుతుందా?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో 26 ఏళ్లుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. మా అమ్మాయికి 21 ఏళ్లు. ఈ ఏడాదే బీకాం కంప్యూటర్స్ పూర్తిచేసింది. బ్యాంకు కోచింగ్‌లో చేరమంటే వినకుండా స్టూడియోలోనే ఉంటానంటోంది. ఈమధ్య టెథరింగ్ అని ఒకటి మొదలుపెట్టింది. కెమెరాకు కేబుల్ తగిలించి, తీసిన ప్రతి ఫొటో కంప్యూటర్‌లో చూసుకుంటూ తీయాలట. అందుకు కొత్త కెమెరా, కొత్త ల్యాప్‌టాప్ కావాలని రెండు లక్షలు అడుగుతోంది. నా కెనాన్ 5డీ మార్క్ 3 ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. గేదెను గుంజకు కట్టినట్టు కెమెరాను కట్టేసి ఫొటోలు తీయడమేమిటో నాకు అర్థం కావడం లేదు. ఇది పనికొచ్చే విద్యేనా, నాలుగు రోజుల ముచ్చటా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ పోలికకు ముందుగా ఒక నమస్కారం. టెథర్ అన్న ఇంగ్లిష్ మాటకు అసలు అర్థం పశువును గుంజకు కట్టే పలుపే. మీరు వెటకారంగా అన్నా నిఘంటువు మీ పక్షానే ఉంది.

ఇక విషయానికొస్తే, ఇది ముచ్చట కాదు, పనే. రెండు లక్షలు మాత్రం ఇప్పుడు తీయకండి. అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్న పనికి మీ పాత 5డీ చాలు. 2012లో వచ్చిన ఆ కెమెరాకు పక్కనున్న రబ్బరు మూత తీస్తే యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. కార్డు తీసి రీడర్‌లో పెట్టడమే అలవాటైన చాలామంది ఆ మూత జోలికే పోరు. కెనాన్ వాళ్ల ఈఓఎస్ యుటిలిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం. నికాన్ ఉన్నవాళ్లకు ఎన్ఎక్స్ టెథర్, సోనీ ఉన్నవాళ్లకు ఇమేజింగ్ ఎడ్జ్, అవీ ఉచితమే. లైట్‌రూమ్ క్లాసిక్, క్యాప్చర్ వన్ లాంటివి డబ్బు కట్టి వాడుకునేవి. వాటి సంగతి పని చేయి తిరిగాక చూసుకోవచ్చు. మీ కెమెరాది పాత యూఎస్‌బీ 2.0 కాబట్టి ఒక్కో రా ఫైల్ (కెమెరా పట్టిన అసలు డేటా అంతా ఉండే పెద్ద ఫైల్) తెర మీదికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. క్రికెట్ మ్యాచ్ తీసేవాళ్లకు అది నరకం. కుర్చీలో కూర్చున్న మనిషిని తీసేవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు, ఆలోగా సాఫ్ట్‌బాక్స్, అంటే లైటును మెత్తబరిచే తెల్లగుడ్డ పెట్టె, కాస్త జరుపుకోవచ్చు.

మీరు ఫిల్మ్ రోజుల్లో పని మొదలుపెట్టినవారు. అప్పట్లో ప్రకటనల ఫొటోలు తీసే పెద్ద స్టూడియోల్లో అసలు ఫిల్మ్ వృథా కాకుండా ముందు అప్పటికప్పుడే ఫొటో బయటికొచ్చే పోలరాయిడ్ మీద ఒకటి తీసి, లైటింగ్ సరిచూసుకుని, ఆ తర్వాతే అసలు షాట్‌కు వెళ్లేవారు. టెథరింగ్ ఆ పోలరాయిడ్‌కు మనవరాలు. ఇప్పుడు ప్రతి షాటూ పోలరాయిడే అయింది, అంతే.

కెమెరా వెనక తెర ఉందిగా అంటారు. ఉంది, మూడంగుళాల పైచిలుకు. దాని మీద ప్రతి ఫొటో బాగానే కనిపిస్తుంది, అదే దానితో చిక్కు. పోయిన సంక్రాంతికి ముందు మా బంధువులమ్మాయి ఓణీల ఫొటోలకని విజయవాడ మొగల్రాజపురంలో ఒక స్టూడియోకు వెళ్లి రెండు గంటలు కూర్చున్నాను. ఫొటోగ్రాఫర్ తీస్తున్నాడు. పక్కన ల్యాప్‌టాప్ ముందు పాతికేళ్లు కూడా లేని అమ్మాయి. ప్రతి ఫొటో రాగానే కంటి దగ్గర వంద శాతం జూమ్ చేసి చూస్తోంది. "సార్, ఫోకస్ కన్ను మీద లేదు, జుట్టు మీదికి పోయింది" అంది. ఆయన ఏమీ మాట్లాడకుండా ఇంకోటి తీశాడు. కాసేపటికి, "ఆంటీ, పాపిటబిళ్ళ కొంచెం ఎడమకు ఒరిగింది, భుజం దగ్గర పిన్నీసు కనిపిస్తోంది" అంది. పిల్ల వాళ్లమ్మ లేచి సర్దింది. నిమిషం కూడా పట్టలేదు. అదే పిన్నీసు రాత్రి ఎడిటింగ్‌లో కనిపించి ఉంటే పదిహేను ఫొటోల్లో పదిహేను సార్లు ఫొటోషాప్‌లో చెరపాలి. కళ్లజోడులో సాఫ్ట్‌బాక్స్ తెల్లగా మెరవడం, చంకలో జాకెట్టు ముడత, వంకీ వెనక్కి తిరిగిపోవడం, ఇవన్నీ అక్కడికక్కడే దొరికే దొంగలు.

ఇంతవరకు మీ అమ్మాయి మీకు చెప్పే ఉంటుంది. మీ ఉత్తరంలో మీరు రాయని భయం ఒకటి ఉందని నా అనుమానం. తీసిన ప్రతిదీ తెర మీద పడితే పనికిరానివి కూడా కస్టమర్ చూస్తాడు. 26 ఏళ్లుగా మీరు బాగున్నవే ఏరి చేతికిచ్చారు. కళ్లు మూసుకున్నవీ, ఫ్లాష్ వెలగనివీ మీతోనే ఉండిపోయాయి. ఆ భయం సరైనదే.

దీనికి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మా ఆఫీసు బోర్డు కోసం నేనే ఒకసారి పోర్ట్రెయిట్ తీయించుకున్నాను. ఆ స్టూడియో పేరెందుకుగానీ, కెమెరాను గోడ మీది పెద్ద టీవీకి కలిపి, సరిగ్గా నా కళ్లెదుటే పెట్టారు. మొదటి ఫొటో చూశాను, నా గదవ కింద ఇంకో గదవ ఉందని తెలిసింది. రెండోది చూశాను. మూడోసారికి గడ్డం ఎత్తి కూర్చున్నాను. ఆరోసారికి పోలీసు రికార్డుకు ఫొటో దిగుతున్నవాడిలా బిగుసుకుపోయాను. ఫొటోగ్రాఫర్ "సార్, నవ్వండి" అంటాడు, నేను టీవీలో నా నవ్వు ఎలా ఉందోనని చూస్తాను. లైటింగ్ అద్భుతం, ఫోకస్ అద్భుతం, మనిషే లేడు. చివరికి పాత పాస్‌పోర్ట్ ఫొటోనే బోర్డుకెక్కింది.

కాబట్టి కేబుల్ తగిలించడం ఒక్క పూటలో వచ్చే పని. తెర ఎవరి వైపు ఉండాలి, ఎప్పుడు తిప్పాలి అన్నది ఏడాది పట్టే పని. మొగల్రాజపురం అమ్మాయి ఏం చేసిందో మళ్లీ చెబుతాను. ల్యాప్‌టాప్ మూత ఫొటో దిగే పిల్ల వైపు ఉంది, తెర ఫొటోగ్రాఫర్ వైపు. పది పన్నెండు ఫొటోలయ్యాక, పిల్ల ఓణీ మార్చుకోవడానికి లోపలికి వెళ్లినప్పుడు వాటిలో మూడింటికి స్టార్లు పెట్టి, మిగతావి కనిపించకుండా ఫిల్టర్ చేసి, అప్పుడు తెరను తల్లి వైపు తిప్పింది. తల్లి మొహం విప్పారింది. పిల్ల బయటికొచ్చి ఆ మూడే చూసింది. రెండో విడతలో భుజాలు వాటంతటవే దిగాయి. పనికిరానివి ఎవరూ చూడలేదు. మీరు 26 ఏళ్లుగా చేసిన ఏరివేతే అది, స్టూడియోలోనే జరిగిపోయింది. పైగా ఆ తల్లి అక్కడికక్కడే ఆల్బమ్‌లో ఇంకో రెండు షీట్లు పెంచమంది. పెళ్లి సంబంధాలకని ఫొటో దిగడానికి వచ్చే అమ్మాయిల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాళ్లు అసలే టెన్షన్‌లో ఉంటారు. అక్కడ ల్యాప్‌టాప్ దగ్గర ఇంకో అమ్మాయి ఉండటం మీ స్టూడియోకు కలిసొచ్చే సంగతి.

కేబుల్ గురించి రెండు మాటలు. ఇవి నేర్చుకోకపోతే నష్టం వేలల్లో ఉంటుంది. విజయవాడలోనే ఒకచోట నల్లటి నేల మీద నల్లటి కేబుల్ పరిచారు. కస్టమర్ తాలూకు పెద్దాయన ఫోన్ మాట్లాడుతూ నడిచాడు, కేబుల్ కాలికి తగిలింది, ట్రైపాడ్‌తో సహా కెమెరా నేల మీద పడింది. ఇందుకే ఈ పనికి నారింజ రంగు కేబుళ్లు అమ్ముతారు. రంగు కంటే ముఖ్యం, కేబుల్ లాగినప్పుడు ఆ లాగుడు పోర్టు మీద పడకూడదు. కెమెరా స్ట్రాప్ రింగు దగ్గర ఒక చుట్టు వదులుగా తిప్పి వెల్‌క్రో పట్టీతో బిగిస్తే లాగుడు పట్టీ మీద పడుతుంది. పోర్టు వదులైతే కెమెరా విప్పి లోపలి సర్క్యూట్ బోర్డు దాకా వెళ్లాల్సి వస్తుంది. యూఎస్‌బీ 2.0 కేబుల్ ఐదు మీటర్ల వరకే నమ్మకం. కొత్త కెమెరాలకు వాడే వేగవంతమైన కేబుల్ అయితే మూడు మీటర్లు దాటితే తరచూ డిస్కనెక్ట్ అవుతుంది. పొడవు కావాలంటే సిగ్నల్‌ను మధ్యలో బలపరిచే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ కొనాలి, సందు చివర షాపులో దొరికే మామూలు ఎక్స్‌టెన్షన్ కాదు.

మధ్యలో కనెక్షన్ పోతే అందరూ కేబుల్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు విండోస్‌ది. కరెంటు ఆదా చేయడానికి అది యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతుంది. పవర్ సెట్టింగ్స్‌లో ఆ సెలెక్టివ్ సస్పెండ్ ఆఫ్ చేయాలి, కెమెరాలో ఆటో పవర్ ఆఫ్ కూడా తీసేయాలి. ఈఓఎస్ యుటిలిటీ, లైట్‌రూమ్ రెండూ ఒకేసారి కెమెరాను పట్టుకోబోతే ఏదో ఒకదానికే దొరుకుతుంది. ఇంకొకటి, దీన్ని మాత్రం గోడ మీద రాసి పెట్టుకోమనండి: ఫొటో ల్యాప్‌టాప్‌లోకి వెళ్తోందంటే కార్డులో కూడా పడుతున్నట్టు కాదు. కొన్ని సెట్టింగుల్లో కార్డు ఖాళీగానే ఉండిపోతుంది. ల్యాప్‌టాప్ హ్యాంగ్ అయితే కస్టమర్‌ను మళ్లీ రమ్మనాలి. రెండు చోట్లా సేవ్ అయ్యేలా పెట్టి, కస్టమర్ రాకముందు ఒక ఫొటో తీసి, కార్డు తీసి చూసుకోవాలి.

ఫైళ్ల పేర్లు మీరే నేర్పండి. మీరు కవర్ల మీద నెగెటివ్ నంబరు, బిల్లు నంబరు వేసి బీరువాలో పేర్చినవారు. ఈ పనిలో ఉన్నది అదే క్రమశిక్షణ, బీరువా బదులు ఫోల్డరు. బిల్లు నంబరు, తేదీ, వరస సంఖ్య కలిపి పేరు పెట్టుకునే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఎవరైనా వచ్చి "మా నాన్నగారిది ఆ ఫొటో ఫ్రేము కట్టాలి" అంటే రెండు నిమిషాల్లో తీసివ్వగలగాలి. ఆ అడగడం ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక ఉద్యోగం మాట. ముంబై, హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల నగలు, చీరలు, ఆన్‌లైన్ కేటలాగ్ ఫొటోలు తీసే స్టూడియోల్లో ల్యాప్‌టాప్ దగ్గర కూర్చునే మనిషి వేరుగా ఉంటారు, డిజిటల్ టెక్నీషియన్ అంటారు. కెమెరా ముట్టుకోకుండా ఫోకస్, రంగు, ఫైళ్లు, బ్యాకప్ చూసుకోవడమే వాళ్ల పని. మీ అమ్మాయి చదివిన కంప్యూటర్స్‌కు ఇది దగ్గర. అంత దూరం వద్దనుకున్నా మన దగ్గరే మంగళగిరి చీరలు ఉన్నాయి, విజయవాడ వన్‌టౌన్ వస్త్రలత హోల్‌సేల్ బట్టల షాపులున్నాయి. వాట్సాప్‌లో చూపించిన రంగు ఒకటి, పార్సిల్ విప్పితే రంగు ఇంకొకటి అని వెనక్కొచ్చే చీరల తలనొప్పి వాళ్లకు తెలుసు. మొదటి షాట్‌లో గ్రే కార్డ్ (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) పెట్టి వైట్ బ్యాలెన్స్ పట్టుకుని, అంటే తెలుపు తెలుపుగానే కనిపించేలా సరిచేసి, మిగతా చీరలన్నిటికీ అదే వేసి, మానిటర్ రంగులు నిజానికి సరిపోయేలా కాలిబ్రేట్ చేసుకుని పనిచేసే మనిషికి అక్కడ విలువ ఉంటుంది. దీనికీ మీ 5డీ సరిపోతుంది. కావలసింది గ్రే కార్డ్, నమ్మకమైన మానిటర్.

చదువు మీద ఆసక్తి ఉంటే గుజరాత్ గాంధీనగర్‌లోని ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎండెస్, అంటే డిజైన్‌లో పీజీ, ఉంది. బీకాంతో అర్హత ఎలాగన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూడమనండి. నన్నడిగితే ముందు ఒక ఏడాది స్టూడియోలో మీ పక్కన కూర్చోవడమే మంచిది.

బ్యాంకు గురించి అంత కంగారు అక్కర్లేదు. ఐబీపీఎస్ క్లర్కు పరీక్షకు జనరల్ కేటగిరీలో 28 ఏళ్ల వరకు, పీవోకు 30 వరకు వయసు ఉంది. ఆమెకు 21. ఏడాది మీ దగ్గర పనిచేస్తే ఆ తలుపు మూసుకుపోదు. ఒప్పందం మాత్రం తేల్చుకోండి. మీరు తీయండి, ఆమె తెర చూస్తుంది. పాస్‌పోర్ట్ ఫొటోలకు, పరిగెత్తే పసిపిల్లలకు, ప్రకాశం బ్యారేజీ మీద ప్రీవెడ్డింగ్‌కు కేబుల్ వద్దు, అక్కడ అది అడ్డమే. మిగతా సిట్టింగులకు ఒక నోటుబుక్కు పెట్టి, ఎన్ని ఫొటోలు తీశారు, ఎన్ని నచ్చాయి, ఎడిటింగ్‌కు ఎన్ని గంటలు పట్టింది, ఆల్బమ్ సైజు ఎవరు పెంచుకున్నారు అని ఆమెనే రాయమనండి. ఆరు నెలల లెక్క చూశాక ల్యాప్‌టాప్ కొనాలా, కెమెరా కొనాలా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. అప్పుడు కూడా ముందు ల్యాప్‌టాప్, తర్వాతే కెమెరా. అప్పు కావాలంటే చిన్న వ్యాపారాలకిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం కింద 50,000 వరకు శిశు, అక్కడి నుంచి 5 లక్షల వరకు కిశోర్ రుణాలున్నాయి. నోటుబుక్కు చూపిస్తే బ్యాంకులో మాట్లాడటం కూడా తేలికవుతుంది.

మొదటి కేబుల్‌కు కూడా బజారుకు వెళ్లక్కర్లేదేమో. ఆ 5డీ కొన్నప్పటి డబ్బా అటక మీద ఉంటే ఒకసారి దించి చూడండి. కెమెరాతో పాటు వచ్చిన కేబుల్ కవరు కూడా చించకుండా అందులోనే ఉండి ఉంటుంది. అది పొట్టిదే. ఈ ఆదివారం మీ ఆవిడను కూర్చోబెట్టి తీయడానికి, బల్ల కాస్త దగ్గరికి జరుపుకుంటే సరిపోతుంది. తెర మాత్రం ఆవిడ వైపు పెట్టకండి.