లూథరన్ ఆరాధనలో కాంటర్ పని ఏమిటి?

కాంటర్ అంటే మంచి గాయకుడేనా అని అడిగారు. గొంతు బాగుండడం మేలే, కానీ ఆయన అసలు పని తాను పాడడం కాదు, సంఘం చేత పాడించడం. ఆరాధనలో జనం శ్రోతలుగా మిగిలిపోకూడదని, తమ భాషలో తామే పాడాలని 16వ శతాబ్దపు జర్మన్ మతసంస్కర్త మార్టిన్ లూథర్ పట్టుబట్టారు. 1524లో స్వరకర్త యోహాన్ వాల్టర్, లూథర్ ముందుమాటతో వెలువరించిన పాటల సంపుటి ఆ ప్రయత్నంలో భాగమే. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1723 నుంచి 1750 వరకు కాంటర్‌గా ఉన్న స్వరకర్త బాఖ్, కాంటాటాలు (గాయకులూ వాద్యాలూ కలిసి వినిపించే ఆరాధన సంగీత రచనలు) రాయడంతో పాటు బడి పిల్లలకు పాట నేర్పే బాధ్యత కూడా మోశారు.

నైపుణ్యం కనబడేది చిన్న విషయాల్లోనే. ఆర్గన్ మీద వరుసను ముందుగా వినిపించి శ్రుతినీ వేగాన్నీ జనం చెవిలో నిలపాలి, చరణంలో పాదం ముగిసినచోట అందరూ ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇవ్వాలి. ఆ వ్యవధి తగ్గితే వెనక బెంచీల్లోని వృద్ధులు పాట వదిలేస్తారు. సంఘానికి పాట పట్టుబడ్డాక వాద్యాన్ని తగ్గించి జనం గొంతులనే వినిపించనివ్వడం, నా దృష్టిలో, అన్నిటికన్నా కష్టమైన విద్య. మన తెలుగు లూథరన్ సంఘాల్లో పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు రాగం, తాళం పేర్లు పాట పైభాగంలోనే అచ్చువేసి ఉంటాయి గనుక, ఇక్కడ పాట నడిపేవారికి తాళజ్ఞానం కూడా తప్పనిసరి.