సొంత పార్టీని తప్పుపట్టే నాయకుణ్ణి నమ్మొచ్చా?

"మా ఎమ్మెల్యే సొంత పార్టీ నిర్ణయాన్నే మీడియా ముందు తప్పుపట్టారు. నచ్చకపోతే రాజీనామా చేసి పోవాలి గానీ, అందులోనే ఉండి విమర్శించడమేంటి?" అని మీలో ఒకరు అడిగారు. ఒకప్పుడు నేనూ ఇదే మాట మా పెదనాన్నతో అన్నాను. అందుకే ఆయన సంగతితో మొదలుపెడతాను.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. కాలవ చివరి చేలు. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్ వరి) వెయ్యం, క్రాప్ హాలిడే అన్నప్పుడు పెదనాన్న అధికార పార్టీలో మండల నాయకుడు. "ఇదంతా ప్రతిపక్షం ఆడిస్తోంది, మనవాళ్లు ఊడ్పులు మొదలెట్టాలి" అని చెప్పడానికి పార్టీవాళ్లు మీటింగు పెట్టారు. ఆయన్ని బండి మీద తీసుకెళ్లింది నేనే, వెనక కుర్చీలో కూర్చుని విన్నాను.

పెదనాన్న లేచి జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. దుక్కి, నారుమడి, ఊడ్పు, ఎరువు, కోత, మక్తా (కౌలు)... ఒక్కొక్కటీ చదివారు. ఆ ఏడు మామూలు రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 1,080. అంటే మన 75 కేజీల బస్తాకి 810 రూపాయలు. "అదీ చేతికి రావట్లేదండి. మురుగు కాలవల్లో గుర్రపుడెక్క తీసిన నాథుడు లేడు, రెండు వానలు పడితే చేలు చెరువులే. జెండా మనదేనండి, చేలూ మనయే కదండీ" అని కూర్చున్నారు. హాల్లో ఒక్కరు నోరు మెదపలేదు. ఒకాయన మాత్రం బయటికొచ్చాక ఆయన చెయ్యి పట్టుకుని, "నీ పుస్తకంలో లెక్కే నా ఇంట్లోనూ ఉంది" అన్నాడు. ఆ మాట లోపల అనుంటే ఎంత బావుండేదో.

తర్వాత కొత్త కమిటీలో పెదనాన్న పేరు లేదు. అవతలి పార్టీవాళ్లు రెండుసార్లు కండువా పట్టుకుని మా అరుగు మీదకొచ్చారు. కాఫీ ఇచ్చి పంపేశారు. "ఇంత అవమానం పడి ఇక్కడెందుకు, మారిపోండి" అన్నాను కోపంగా. "ఆళ్లు పిలిచేది నా మాట కోసం కాదురా, ఈళ్లని తిట్టించడం కోసం" అన్నారు.

పెద్ద పదవుల్లోనూ మన ప్రాంతం ఇది చూసింది. రాష్ట్ర విభజనని వ్యతిరేకించి, సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాస నోటీసిచ్చిన ఆరుగురు కాంగ్రెస్ ఎంపీల్ని 2014 ఫిబ్రవరిలో బహిష్కరించారు. అందులో ఇద్దరు మనవాళ్లే: రాజమండ్రి నుంచి ఉండవల్లి అరుణ్‌కుమార్, అమలాపురం నుంచి హర్షకుమార్. విభజన మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి, పదవి చేతిలో ఉండగా మాట్లాడి మూల్యం చెల్లించారు.

ఇంకా వెనక్కెళ్తే 1999 ఏప్రిల్ 17, లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్ష ఎదుర్కొన్న రోజు. స్పీకర్ కుర్చీలో అమలాపురం ఎంపీ బాలయోగి. ఆయన పార్టీ టీడీపీ వాజ్‌పేయికి మద్దతిస్తోంది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని కాంగ్రెస్ నేత గిరిధర్ గమాంగ్ ఓటెయ్యొచ్చా అన్న ప్రశ్న వస్తే, బాలయోగి దాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. నేషనల్ కాన్ఫరెన్స్ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ తన పార్టీ విప్‌ని (ఎలా ఓటెయ్యాలో చెప్పే పార్టీ ఆదేశాన్ని) కాదని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. ప్రభుత్వానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. సోజ్‌ని పార్టీ వెళ్లగొట్టింది. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి పేరున్న వారధి దాటినప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొస్తుంది.

ఇక చట్టం. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం విప్ ధిక్కరించి ఓటేసినా, పార్టీ సభ్యత్వం తనంతట తాను వదులుకున్నా పదవికి ముప్పు. రాజీనామా ఇవ్వకపోయినా నడవడికని బట్టి వదులుకున్నట్టు లెక్కించొచ్చని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. అంతే తప్ప ఒక నిర్ణయాన్ని తప్పుపట్టినంత మాత్రాన పదవి పోదు. 2019లో వైసీపీ టికెట్ మీద నరసాపురం ఎంపీగా గెలిచిన రఘురామకృష్ణరాజు సొంత ప్రభుత్వాన్ని విమర్శిస్తే పార్టీ అనర్హత పిటిషన్ వేసింది, అయినా అనర్హత పడలేదు. 2024లో ఆయన టీడీపీ తరఫున ఉండి నియోజకవర్గం నుంచి ఎమ్మెల్యే అయ్యారు. ఆయన విషయంలో మీ అభిప్రాయం మీది.

నచ్చని ప్రతిదానికీ రాజీనామా చేసి పొమ్మంటే లోపల తలూపేవాళ్లే మిగులుతారు. అందుకని మీ ఎమ్మెల్యేని నమ్మాలో లేదో తేల్చుకోవడానికి నేనైతే ఇవి చూస్తాను. ఈ మాట ఆయన టికెట్ అనుమానంలో పడ్డాకే అన్నారా, అంతకుముందే అన్నారా? అసెంబ్లీలోనో పార్టీ మీటింగులోనో ముందు అడిగారా? లెక్కలు చెప్పారా, మనుషుల్ని తిట్టి ఊరుకున్నారా? ఆ నిర్ణయం వల్ల నష్టపోయేవాళ్ల మధ్యకి, కెమెరాలు లేని రోజున వెళ్లారా? ఏ నియోజకవర్గమో, ఏ నిర్ణయమో కింద రాయండి, నాకు తెలిసినంతలో చెప్తాను.