ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు

"మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మావారు, మా తమ్ముడు రాజకీయాల మీద రోజూ మాటలు విసురుకుంటున్నారు. అడ్మిన్‌ని నేనే. అందరూ మర్యాదగా మాట్లాడాలంటే ఏ నియమాలు పెట్టాలి? ఎవరైనా ఫిర్యాదు చేస్తే నామీద కేసు అవుతుందా?" అని గుంటూరు నుంచి ఒక సోదరి అడిగారు.

ముందు కేసు సంగతి. అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుల రాతలకు బాధ్యులు కారని బొంబాయి హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఇక నియమాలంటారా, అరవై మందిలో పోట్లాడేది ఇద్దరే అయినప్పుడు అవి ఎవరికమ్మా? అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మారిస్తే మీ పిన్ని మనవడి బారసాల ఫోటోలు ఆగిపోతాయి, అంతే.

నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. మీరు దాన్ని చివర్లో దాటేశారు. నాన్నగారు పోయాక పొలంలో మీ వాటా తమ్ముడికి రాసిచ్చారు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక, మీ చేతిలోని చీర, పసుపు కుంకుమ చూసి మీవారు అడిగితేనే చెప్పారు. "ఆయన ఏమీ అనలేదు, చాలా మంచివారు" అని రాశారు.

అన్నారమ్మా. గ్రూపులో అన్నారు. రాజధాని అమరావతికి సుమారు 34 వేల ఎకరాలు ల్యాండ్ పూలింగులో ఇచ్చిన రైతుల గురించి మీ తమ్ముడు ఏదో పెడితే, రాత్రి పదకొండున్నరకు ఆయన కింద రాసిన మాట మీరే నాకు పంపారు: "ఇచ్చినవాళ్ల బాధ తీసుకున్నవాళ్లకేం తెలుస్తుంది." తెల్లారగానే డిలీట్ చేశానన్నారు. అది రాజధానికి పొలమిచ్చిన తుళ్లూరు రైతు గురించే అనుకున్నారా?

నా అభిప్రాయం దాచను. ఆ వాటా మీది. ఆడపిల్లకు సమాన వాటా దేశమంతటికీ 2005లో వస్తే మనకు 1985 నుంచే అమలులో ఉంది. తమ్ముడికి ఇచ్చుకుంటారో, ఉంచుకుంటారో మీ ఇష్టం. భర్త అనుమతి కావాలని నేను చచ్చినా అనను. అనుమతి అడగడం వేరు, చెప్పడం వేరు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషికి ఇంత సంగతి చీర చూస్తే గానీ తెలియలేదంటే, ఆయన ఆ ఇంట్లో ఎవరు?

ఆయన చేస్తున్నదీ బాగాలేదు. భార్యను అడగవలసింది బావమరిదిని, అదీ మేనమామలందరి ఎదుట అడగడమేమిటి? కానీ నాకు ఉత్తరం రాసింది మీరు.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు ఫోన్లూ వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టి ఆయన పక్కన కూర్చోండి. ఇచ్చినందుకు క్షమాపణ చెప్పవద్దు, దాచినందుకు చెప్పండి. ఆయన గొంతు పెంచితే పెంచనివ్వండి. ఇన్నాళ్లూ మింగిన మాటలు అంత మెత్తగా రావు. తమ్ముడికీ ఒక ఫోను బాకీ ఉన్నారు, బావ ఎందుకలా రాస్తున్నాడో అతనికి తెలియాలి కదా. నాన్నగారి సంవత్సరీకం దాకా ఆగకండి. ఆ ఫోను మాత్రం మీవారు పక్కన ఉండగానే చేయండి.