తాతయ్య ఫొటోలు గోడకెక్కించే ముందు

అమ్మలూ,

హాల్లో తాతయ్య ఫొటోలన్నీ పటం కట్టించి పెడతానన్నావు. నాకు చాలా సంతోషంగా ఉంది. కానీ మీ ఫ్లాట్ వైజాగ్ లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి ఎదురుగా ఉంది. తెల్లారి ఆరున్నరకల్లా ఎండ సోఫా దాటి నువ్వు అనుకున్న గోడ మీదే పడుతుంది.

మా పెళ్లి ఫొటో సంగతి విను. కలర్‌లో తీయించుకోవడమే గొప్ప ఆ రోజుల్లో. కిటికీకి ఎదురుగోడకు తగిలించాం. మీ పెద్దమ్మ ఎర్ర పట్టుచీర ఏటేటా పాలిపోతున్నా, రోజూ చూసే కళ్లకు తెలియలేదు. ఇరవై ఏళ్లకు అద్దం పగిలి ఫ్రేం విప్పితే, ఫొటో చుట్టూ వేసే అట్ట, అదే మౌంట్, దాని కింద దాగిన అంచులో మాత్రం చీర కుంకుమలా మెరుస్తోంది. ఆ సన్నటి అంచునే చూస్తూ ఆవిడ చాలాసేపు కూర్చుంది.

వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుందే గానీ తగ్గదు. ఆ తర్వాత ఎంత చీకట్లో దాచినా పోయిన రంగు తిరిగి రాదు. పాత ఫొటోలకు, ముఖ్యంగా కలర్ వాటికి, మ్యూజియంలలో 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) వెలుతురే ఉంచుతారు. అదీ కొన్ని నెలలే, తర్వాత తీసి లోపల పెట్టేస్తారు. నడినెత్తి ఎండ దాదాపు లక్ష లక్స్. అంటే గంటసేపు ఆ ఎండ తగిలితే, మ్యూజియంలో రోజుకు 8 గంటల చొప్పున 250 రోజులు పెట్టినంత వెలుతురు పడ్డట్టే.

యూవీ అద్దం వేయిస్తే చాలని ఫ్రేం షాపులో చెప్పారన్నావు. వేయించు, మంచిదే. కానీ అది అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది గానీ, మామూలు వెలుతురు చేసే నష్టాన్ని ఆపదు. కాబట్టి నా మాట విని ఒరిజినల్స్ గోడకు పెట్టకు. 600 డీపీఐ స్పష్టతతో స్కాన్ చేయించి కాపీలకు పటాలు కట్టించు. కాపీ వెలిసిపోతే ఇంకోటి తీసుకోవచ్చు. వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేలా పోర్టులో తాతయ్య నిలబడ్డ ఫొటో మనకు ఒక్కటే ఉంది.

నాయనమ్మ ఫొటో మీద ఇంకా జాగ్రత్త. నలుపు తెలుపు ఫొటోకి చేత్తో రంగులు వేయించినది అది. ఆ రంగులు త్వరగా వెలుస్తాయి. పటం పైన రాత్రీ పగలూ వెలిగే చిన్న ఎర్ర బల్బు పెడతారు కదా, అది కాపీకే పెట్టు. దండా, బొట్టూ కూడా దానికే.

ఒక్క ఒరిజినలైనా పెట్టాలని మనసు లాగితే, ఎండ రాని లోపలి గోడ చూడు. ఫొటో అద్దానికి తగలకుండా మధ్యలో యాసిడ్ లేని మౌంట్ బోర్డు వేయించు. మన ఉక్కపోతకు ఫొటో అద్దానికి అతుక్కుంటే ఊడదీయడం ఎవరి తరమూ కాదు. మూడు నెలలకు దించి బీరువాలో పెట్టేయ్.

సంక్రాంతికి వచ్చేటప్పుడు నా దగ్గరున్న నెగెటివ్‌ల డబ్బా తెస్తాను. అప్పటిదాకా మేకులు కొట్టించకు.

ఆశీస్సులతో,
పెదనాన్న